గుట్టెనక పదహారు పొయ్యిలు

మా ఊరికి పేరు లేదు. మర్చిపోయానని కాదు, అసలు ఎవరూ పెట్టలేదు. వికారాబాద్ అవతల రైలు దిగి పూటంతా నడిస్తే ఒక ఎర్రమట్టి గుట్ట వస్తుంది. దాని వెనక పదహారు ఇళ్లు. ఇవతలి ఊరివాళ్లు మమ్మల్ని గుట్టెనకోళ్లు అనేవారు. మేము మాత్రం మా చోటును 'మనకాడ' అనుకునేవాళ్లం. సర్కారు కాగితాల్లో ఈ రెండూ లేవు. నక్షాలో గుట్ట ఉంది, వాగు ఉంది, మేము లేము.

ఊరి చరిత్ర రాసే పెద్దమనుషులు శాసనాలు వెతుకుతారు. మా ఊరికి శాసనం కాదు గదా, చిత్తుకాగితం కూడా లేదు. ఆ పదహారు ఇళ్లలో పుట్టి, నాలుగక్షరాలు నేర్చి, ఇంకా బతికున్నది నేనొక్కణ్నే. కాబట్టి రాయాల్సింది నేనే. ఏదో ప్రేమతో రాస్తున్నానని ఎవరైనా అనుకుంటే పొరపాటు, కడుపుమంటతో రాస్తున్నాను. వయసు మీదపడితే అదే చల్లారుతుందిలే అని నాకు చెప్పినవాళ్లంతా చల్లారిపోయారు. ఇది మాత్రం అలాగే ఉంది.

మా తాతల నాడు ఎవరో నలుగురు వెట్టికి తాళలేక, ఉన్న ఊరు విడిచి పిల్లాజెల్లా గుట్ట దాటి వచ్చారట. వెట్టి అంటే తెలియనివాళ్లకు చెబుతున్నాను. దొర పిలిచినా, సర్కారు మనిషి పిలిచినా చేతిలో పని వదిలేసి పోవాలి. మోత మోయాలి, గుర్రానికి గడ్డి వేయాలి, గుడారం పాతాలి. కూలి అడిగితే వీపు పగులుతుంది. ఆ నలుగురి వెనక ఇంకొందరు వచ్చారు. రాళ్లు ఏరి జొన్న వేశారు, ఉలవ వేశారు, ఆముదాలు వేశారు. గుట్ట నిండా సీతాఫలం చెట్లు ఉండనే ఉన్నాయి.

వెట్టి తప్పించుకోవడానికి మావాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ప్రతి ఇంట్లో పొయ్యి పక్కన ఒక నీళ్ల చట్టి ఉండేది. దాహమైనా సరే అందులో నీళ్లు తాగకూడదు, చేతులు కడగకూడదు. దాన్ని ఆర్పుడు చట్టి అనేవాళ్లు. మా కల్లుగీత మామ తాటిచెట్టెక్కినప్పుడు అటు తోవ మీద గుర్రమో, తలపాగాలో కనబడితే రెండుసార్లు ఈల వేసేవాడు. అంతే. పదహారు పొయ్యిల మీద పదహారు చట్టిలు కుమ్మరించేవాళ్లు. పొగ ఆగిపోయేది. కోళ్లను గంపల కింద మూసి, పసిపిల్లల్ని చంకనేసుకుని, ముసలివాళ్లను భుజాన వేసుకుని వాగులోకి దిగిపోయేవాళ్లం. వచ్చినవాడికి ఖాళీ గుడిసెలు, తడి బూడిద వాసన తప్ప ఏమీ దొరికేది కాదు. తిట్టుకుంటూ వెళ్లిపోయేవాడు. మేము వచ్చి మళ్లీ పొయ్యి ముట్టించుకునేవాళ్లం.

"రాసిన్రంటే దొరికినట్టే. మనల్ని ఎవ్వడు రాయొద్దు," అనేవాడు మా నాయన.

ఇవతలి ఊరి భూముల లెక్కలు రాసే పట్వారి ఒక్కడికి మా సంగతి తెలుసు, మావాళ్లు ఆయన్ను పంతులు అనేవాళ్లు. సన్నటి మనిషి, చెవిమీద ఎప్పుడూ కలం. పండక్కి ఇంటికో కోడి, గంపెడు సీతాఫలాలు ఆయన గడపలో దింపి వచ్చేవాళ్లం. "మిమ్మల్ని నేను చూడనే లే, పోన్రి," అని నవ్వేవాడు. మా కోళ్లు తిని పళ్లు కుట్టుకున్న ఆ నవ్వు నాకు ఇప్పటికీ కనబడుతుంది.

నాకు తొమ్మిదేళ్లున్నప్పుడు ఒక పొద్దున మామ ఈల వేశాడు. మా అమ్మ జొన్న గట్క కలుపుతోంది. ఆ రోజు చట్టి ఎత్తి కుమ్మరించింది నేనే. అమ్మ ఎందుకో చేయి అడ్డం పెట్టబోయింది కానీ నాయన అరిచాడు, నేను కుమ్మరించేశాను. వాగులో చెల్లెలి నోరు నా అరచేత్తో మూసి పట్టుకున్నాను. పైన ఎవరో పిలుస్తున్నారు. మాటలు తెలియడం లేదు గానీ, చాలాసేపు పిలిచారు. గొంతు బొంగురుపోయేదాకా పిలిచారు. "కదలకున్రి," అన్నాడు నాయన. మేము కదల్లేదు. ఇంటికి వచ్చాక సగం ఉడికిన గట్కే తిన్నాం. నాయన నా వీపు తట్టి, "ఇయ్యాల పొయ్యి వీడే ఆర్పిండు," అని అందరికీ చెప్పాడు. నేను వారం రోజులు మెడ నిక్కించుకు తిరిగాను.

జొన్న కంకి పట్టే వేళకు దొర మనుషులు వచ్చారు. గుట్టా, గుట్ట వెనక నేలా సర్కారు దొరగారి పశువుల మేతకు ఇచ్చిందట, మమ్మల్ని లేచిపొమ్మన్నారు. ఈలలు, చట్టిలు ఏవీ పనిచేయలేదు. నాయన నన్ను వెంటబెట్టుకుని తాలూకా కచేరీకి పోయాడు. అక్కడి గుమాస్తా ఒక పెద్ద దఫ్తరు పుస్తకం తీసి, వేలు పెట్టి చదివి, నవ్వాడు.

"గీడ బేచిరాగ్ అని రాసున్నది. అంటే దీపం ముట్టించే మనిషి లేని జాగ. మీ పట్వారే రాసిండు."

"మేమున్నం సాబ్. గాడ్నుంచే వచ్చినం," అన్నాడు నాయన.

"దఫ్తర్‌ల లేని ఇండ్లు ఎట్ల కూలగొడ్తరు? పో, పో."

అక్కడున్న బంట్రోతులు కూడా నవ్వారు. మా నాయన నా చేయి గట్టిగా పట్టుకుని కచేరీ మెట్లు దిగాడు. నాలుగు రోజులకు పశువులను చేలో తోలారు. గుడిసెల దూలాలు గుంజేశారు. పదహారు కుటుంబాలు తలో దిక్కు పోయాయి. కొందరు షోలాపూర్ మిల్లులకు, కొందరు కాచిగూడలో మూటలు మోయడానికి. మా నాయన ఆ ఎండాకాలం జ్వరమని పడుకుని లేవలేదు. చెల్లెలు మేము పట్నం వచ్చిన ఏడాదే పోయింది. ఒక్క మాట రాసినందుకు ఇదంతా జరిగింది. ఆ మాట రాసినవాడిని ఏదో ఒకనాడు అదే మాటతో కొట్టాలని ఆ వయసులోనే పళ్లు కొరికి అనుకున్నాను.

నాంపల్లి స్టేషన్ వెనక ఒక పాత హవేలీ గుర్రపుకొట్టంలో గది కిరాయికి తీసుకున్నాం. గుర్రాలు పోయినా వాసన పోలేదు. మా అమ్మ స్టేషన్ బయట సీతాఫలాలు అమ్మేది. అవి ఎక్కడివనుకున్నారు? మా గుట్టవే. దొర గుత్తకిచ్చిన చెట్ల పళ్లు గంపలకెత్తి రైల్లో వచ్చేవి. మా చెట్ల పళ్లను మా అమ్మ కొని, అబిడ్స్ నుంచి బగ్గీల్లో వచ్చే దొరసానులకు అమ్మేది. వాళ్లు వేలితో నొక్కి చూసి, మెత్తగా లేవని అక్కడే పడేసిపోయేవాళ్లు.

నేను సర్కారీ బడిలో ఉర్దూ నేర్చుకున్నాను. ఇష్టపడి కాదు, పట్వారి రాసింది చదవడానికి. పలక మీద అందరూ అలిఫ్, బే దిద్దుతుంటే నేను ఇంటికొచ్చి బేచిరాగ్ అని దిద్దేవాణ్ని. మిడిల్ పాసయ్యాక, రెండో ప్రపంచ యుద్ధం జోరుగా ఉన్న రోజుల్లో, రాషన్ దఫ్తరులో ముహర్రిర్ పని దొరికింది. అంటే రాసుకునే గుమాస్తా. అబిడ్స్, నాంపల్లి గల్లీల్లో ఇంటింటికీ తిరిగి, ఎంతమంది ఉన్నారో కళ్లారా చూసి, పుస్తకంలో రాయాలి. నేను రాస్తే కార్డు వస్తుంది, కార్డు వస్తే గింజలు వస్తాయి. రాయకపోతే లేదు.

ఆ పని చేసినన్నాళ్లూ నాకొకటే ఆశ్చర్యం. మా గుట్టెనక జనం ఉన్నవాళ్లను దాచేవాళ్లు. అబిడ్స్‌లో లేనివాళ్లను చూపించేవాళ్లు. ఒక వకీలుగారు పక్కింటి పిల్లల్ని ముగ్గుర్ని తెచ్చి తన వరుసలో నిలబెట్టాడు. అందులో ఒకడు, "మా అమ్మ పిలుస్తున్నది, ఇగ పోతా," అన్నాడు. ఇంకొకచోట చనిపోయి ఏడాది దాటిన ముసలమ్మకు దుప్పటి కప్పి, "పానం బాగలేదు, లేపకున్రి," అన్నారు. దుప్పటి కింద దిండ్లున్నాయి. ఇలాంటి దొంగ కార్డులు పెరిగాకనే పుస్తకంలో ఇంకో గడి పెట్టారు, సొంత ఊరేదో రాయాలని. దుకాణంలో కార్డు చూపినప్పుడు ఊరడుగుతారు. చెప్పింది కార్డులో ఉన్నదానితో కలవాలి.

యుద్ధం ముగిసింది గానీ రాషన్ పోలేదు. ఆ తర్వాతి రోజుల్లో పల్లెల్లో రైతుల సంగాలు లేచి, దొరలూ పట్వారీలూ పట్నానికి పారిపోయి రావడం మొదలైంది. మావైపు అంత గొడవ లేకపోయినా భయం మాత్రం పాకింది. ఒకనాడు స్టేషన్ వెనక గల్లీలో కొత్తగా వచ్చినవాళ్లను రాసుకుంటూ ఒక తలుపు కొట్టాను. తెరిచింది పట్వారి. ముసలివాడైపోయాడు. చెవిమీద కలం లేదు. కానీ నాకు పోల్చుకోవడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. ఎలా పడతాడు, మమ్మల్ని చూడనేలేదుగా.

"ఇద్దరం సాబ్. నేను, మా ఇంటామె. ఆమెకు కాళ్లు పడిపోయినయి. జర తొందరగ కార్డు ఇప్పియ్యిన్రి, పుణ్యముంటది," అన్నాడు.

నన్ను సాబ్ అన్నాడు. లోపల చాప మీద ఒక ముసలామె మా వైపు తల తిప్పి చూసింది. "అట్లనే, రాసుకుంటా," అన్నాను. గల్లీ మలుపు తిరిగి, పుస్తకం గోడకానించి, ఆ గది నంబరుకు ఎదురుగా నింపాదిగా రాశాను: ఖాళీ. ఎవరూ ఉండటం లేదు. సిరా ఆరేదాకా ఊదాను. అబిడ్స్ దాకా నడిచి, ఇరానీ హోటల్లో కూర్చుని రెండు చాయ్‌లు తాగాను. అంత తీయని చాయ్ నా జన్మలో తాగలేదు. ఇది దాచిపెట్టి మంచివాడిననిపించుకోవాలని నాకు లేదు.

తర్వాత ముసలాయన దఫ్తరుకు వచ్చాడు. మళ్లీ వచ్చాడు. కిటికీ దగ్గర వేరే గుమాస్తా పుస్తకం చూసి, లేదని చెప్పి పంపేవాడు. నేను వెనక బల్ల దగ్గర తల వంచుకుని వినేవాణ్ని. మూడోసారి వచ్చినప్పుడు, "నేనున్న గదా, నీ ముంగటనే నిలవడ్డ గదా," అన్నాడు. నేను లేచి కిటికీ దగ్గరకు వెళ్లాను.

"దఫ్తర్‌ల లేని మనిషికి గింజలెట్ల ఇస్తరు? పో, పో," అన్నాను.

ఆయన పోయాడు. మొదటిరోజు చాయ్ అంత రుచి ఈ మాటలో రాలేదు. అయినా రాసింది మార్చలేదు.

ఆ సాయంత్రం ఈ సంగతి అమ్మకు చెప్పాను. సంబరపడుతుందనుకున్నాను. ఆమె సీతాఫలాలను మెత్తనివి ఒకవైపు, గట్టివి ఒకవైపు వేరు చేస్తోంది. విని, చేతిలో పండు కింద పెట్టింది.

"నువ్వు పొయ్యి ఆర్పిన దినం యాదికున్నదా?" అంది.

"ఎందుకు లేదు?"

"గా దినం పొద్దుగాల గొల్లాయన వచ్చిండు, పంతులు కబురు పంపిండని. 'ఇయ్యాల పొయ్యిలు ఆర్పకున్రి. పొగ కనవడనియ్యిన్రి. అందరు బయట నిలవడున్రి. పెద్ద సాబ్ వస్తున్నడు, మనుషులున్నరో లేరో కండ్లతోని చూస్తడు. మీరు కనవడకుంటే జాగ పోతది,' అన్నడట."

"మరి?"

"మీ నాయిన నమ్మలే. ఎవ్వలం నమ్మలే. వెట్టికి గుంజుకపోనీకె గీ వేషమన్నడు. వాగుల ఉండి విన్నం గదా, పిలిచింది పంతులే. ఇండ్ల నడుమ నిలవడి ఎంతసేపు పిలిచిండో. ఒక్కలం పోలే."

నా అరచేతిలో చెల్లెలి ఊపిరి వెచ్చగా తగిలింది. అప్పటిది. ఇన్నేళ్ల తర్వాత.

"నాకెందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె కొడుకా? మీ నాయిన పోయేముందు గదే అనుకుంట పోయిండు, పొయ్యిలు ఆర్పకుంటే జాగ దక్కుతుండె గదా అని. నువ్వేమో మన పొయ్యి నేనే ఆర్పిన్నని ఊరందరికి చెప్పుకుంటివి. నీకెట్ల చెప్పాలె?"

నాకు ఒళ్లంతా మండింది. ఎవరి మీదో తెలియక ఆమె మీదే అరిచాను. "పిలిచిండు గదా! మనుషులే లేకుంటే ఎవర్ని పిలిచిండు? ఉన్నరని తెలుసు. మన కోళ్లు తిన్నడు. తెలిసి సుత లేరని రాసిండు."

"ఔ. గాయన రాయకుండ ఉండొచ్చు," అంది అమ్మ. మళ్లీ పండు చేతిలోకి తీసుకుంది. "నువ్వు సుత రాయకుండ ఉండొచ్చు."

రెండు రోజులు ఆ గల్లీ వైపు పోలేదు. మూడోనాడు మధ్యాహ్నం పుస్తకం చంకన పెట్టుకుని ఆ గల్లీలోకి వెళ్లాను. క్షమించడానికి కాదు. ఏం చేయడానికో నాకే తెలియదు. తలుపుకు బయట తాళం లేదు, లోపల గడియ వేసి ఉంది. కొట్టాను. పలకలేదు. మళ్లీ కొట్టాను. లోపల ఏదో సుయ్యిమంది. ఆ వెంటనే తలుపు సందులోంచి వాసన వచ్చింది. తడి బూడిద వాసన.

కార్డు లేనివాళ్లు ఏం తింటారు, అఫ్జల్‌గంజ్‌లో చాటుగా అమ్మే జొన్నలే. అది దొరికితే కేసు. గల్లీలో పుస్తకం చంకన పెట్టుకున్న సర్కారు మనిషిని చూసి, ముసలాయన పొయ్యి మీద నీళ్లు కుమ్మరించాడు. ఇప్పుడు గోడ పక్కన నక్కి ఊపిరి బిగబట్టి ఉంటాడు. ఆ ముసలామె నోటి మీద చేయి పెట్టి ఉంటాడు.

"పంతులుగారూ," అని పిలిచాను. "కార్డు కోసమే వచ్చిన. బయటికి రాన్రి. కనవడితే చాలు."

ఎవరూ రాలేదు. మళ్లీ పిలిచాను. అటు ఇటు ఇళ్లవాళ్లు తొంగిచూశారు. గొంతు బొంగురుపోయేదాకా పిలిచాను, తలుపు తెరుచుకోలేదు. కళ్లారా చూస్తే తప్ప రాయకూడదని కదా కాయిదా. ఖాళీ అనే మాట అక్కడ ముందే ఉంది, నేను పుస్తకం మూసి వెళ్లిపోతే నన్ను తప్పు పట్టేవాడు లేడు. ఆనాడు ఆయననూ ఎవరూ తప్పు పట్టి ఉండరు.

ఆ గడప మీదే కూర్చుని పుస్తకం తెరిచాను. ఖాళీ మీద గీత కొట్టాను. ఇద్దరున్నారని రాశాను. అబ్బ, ఎంత చిన్న పని అది! కలం ఒకసారి సిరాలో ముంచితే సరిపోయింది, మళ్లీ ముంచే పని కూడా పడలేదు. ఈ కాస్త పని చేయక మమ్మల్ని నేలమట్టం చేశావా ముసలోడా అని మొదటికన్నా ఎక్కువ కోపం వచ్చింది. సొంత ఊరు గడి ఖాళీగా ఉంది. ఆయన ఊరేదో నాకు తెలుసు. దాన్ని రాయలేదు. 'గుట్టెనక' అని రాశాను.

మర్నాడు మొహరు వేసిన కార్డు తెచ్చి తలుపు కింది సందులోంచి లోపలికి నెట్టాను. కాసేపు అలాగే ఉంది. తర్వాత ఎవరో మెల్లగా లోపలికి లాక్కున్నారు.

ఆయన చదవగలడు, నాకన్నా బాగా. ఊరు తప్పు పడిందని దఫ్తరుకు వస్తే, కార్డు వాపసు తీసుకుంటారు, మళ్లీ ఎప్పుడిస్తారో దేవుడికే ఎరుక. ఆయన రాలేదు. గింజలిచ్చే రోజున నేను పని మానుకుని నాంపల్లి సడకు మీది రాషన్ దుకాణం ముందు వరుస పక్కన నిలబడ్డాను. ఆయన వంతు వచ్చింది. దుకాణదారు కార్డు అందుకున్నాడు.

"ఏ ఊరు?"

ముసలాయన కార్డు వైపు చూశాడు, తలెత్తి నా వైపు చూశాడు. ఈసారి నన్ను చూశాడు. వెనకనున్నవాళ్లు కానీమని సణుగుతున్నారు.

"గుట్టెనక," అన్నాడు.

"గసుంటి ఊరు నేను ఎన్నడు వినలే. ఉన్నదా అసల్‌కు?"

"ఉండె," అన్నాడు ఆయన. గొంతు తగ్గించి, నాకు చెబుతున్నట్టుగా అన్నాడు. "పదహారు ఇండ్లుండె. ఎంత పిలిచినా ఒక్కలు బయటికి రాలే."

"మొన్న నేను పిలిస్తే మీరు సుత రాలే," అన్నాను. "అయినా ఉన్నరని నేను రాసిన."

దుకాణదారు జొన్నలు తూచాడు. ముసలాయన సంచి రెండు చేతులతో తెరిచి పట్టుకున్నాడు గానీ, అంచు జారి కొన్ని గింజలు కింద పడ్డాయి. వంగి ఒక్కొక్కటీ ఏరుకున్నాడు. నేను సాయం చేయలేదు.